కనబడలేదన్న పిట్ట

పిట్టను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీది ఈకలను పాపిడి తీసినట్టు రెండు పక్కలకూ దువ్వింది దూదమ్మ. ఈకల కింద చర్మం ఉల్లిపొరలా పలచగా ఉంది. దాని కింద రొమ్ము ఎముక కత్తి అంచులా పైకి పొడుచుకొచ్చింది. ఆ అంచు మీద వేలు పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. మాంసం ఉండాల్సిన చోట రెండు పక్కలా గుంటలున్నాయి.

మ్యూజియంలో ఆమెను అసలు పేరుతో పిలిచేది హాజరు వేసే గుమాస్తా ఒక్కడే. చచ్చిన జంతువుల తోలు ఒలిచి, దూది కూరి, బతికున్నట్టు నిలబెట్టడం ఆమె పని కాబట్టి చేరిన ఏడాదే దూదమ్మ అయిపోయింది. ఇంట్లో అత్తగారు కూడా కోపమొస్తే ఆ పేరే వాడుతుంది.

"రెక్కలు విప్పాలి," అన్నాడు డైరెక్టర్ గుమ్మం దగ్గర నిలబడి. "పైకి లేస్తున్నట్టుండాలి. హాలు తలుపు తియ్యగానే మొదట కనబడేది అదే."

"డోలుపిట్ట ఎగిరేదే తక్కువ కదా సార్. రెల్లులో మెడ పైకెత్తి, తనూ ఓ రెల్లుదుబ్బునే అన్నట్టు నిలబడుతుంది. మీరేగా నేర్పారు."

"జనానికి రెల్లుదుబ్బు ఎందుకమ్మాయ్? వాళ్ళకి పిట్ట కావాలి."

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. ఆయన వీపు వెనక గోడకు కొత్త పోస్టరు అంటించి ఉంది. చివరి డోలుపిట్టకు ఘన నివాళి అని పెద్ద అక్షరాలు, కింద మూలన కంపెనీ గుర్తు. ఊరవతల చిత్తడిలో పంపులు పెట్టి నీళ్ళు తోడేస్తున్నది ఆ కంపెనీయే. డోలుపిట్ట ఉన్నన్నాళ్ళూ ఆ నేల మీద ఎవరూ గడ్డపార వెయ్యకూడదని చట్టం. పిట్ట గొంతు ఎక్కడా వినబడలేదని మ్యూజియం సర్వే చేసి రాసిచ్చింది. కింద సంతకం డైరెక్టర్ది. చట్టం పక్కకు తప్పుకుంది, పంపులు వచ్చాయి. ఆ తర్వాత గట్టు మీద ఎవరికో సొమ్మసిల్లిన ఈ పిట్ట దొరికింది. మ్యూజియం పంజరంలో ఏమీ ముట్టకుండా రెండు రోజులుండి చచ్చిపోయింది. ఇదే ఆఖరిదనీ, ముసలితనం వల్ల పోయిందనీ పేపర్లో వేశారు. గొంతు నులిమిన చెయ్యే ఇప్పుడు దండ పట్టుకుని నిలబడింది.

దూదమ్మ కత్తి తీసుకుంది. రొమ్ము ఎముక మొదలు నుంచి కిందికి సన్నగా గీసింది, చర్మం తెగాలి గానీ కింద పొర చిరగకూడదు. గీత పొడుగునా రంపపు పొట్టు చల్లి, కత్తి పక్కన పెట్టి, గోటితో చర్మాన్ని ఒంటి నుంచి విడదీస్తూ పోయింది. తడి తగిలినచోటల్లా మళ్ళీ పొట్టు. మోకాలి కీలు దగ్గర కత్తెర, తోక మొదట్లో కత్తెర. చొక్కా విప్పినట్టు చర్మం మెల్లగా తలకిందులై ఊడి వచ్చింది. మిగిలిన ఒళ్ళు పిడికెడంత ఉంది.

ముందు కందనకాయ కోసింది. లోపల చేప ముల్లు లేదు, కప్ప ఎముక లేదు. నల్లటి బురద, గడ్డిపోచ. అంతే. బతికుండగా ఈ పిట్ట బురద మింగింది.

"ముసలితనమట," అంది పైకే.

కడుపు ఇంకాస్త తెరిచి పట్టకారుతో పేగులు పక్కకు జరిపింది. ఆడా మగా అని చూడటానికి ఎప్పుడూ చేసే పనే. పట్టకారు ఆగిపోయింది. గుడ్డు దిగే గొట్టం ఉబ్బి ఉంది. పైనుంచి నొక్కితే గట్టిగా తగిలింది. గొట్టాన్ని నిలువుగా చీల్చితే, పెంకు కూడా కట్టిన గుడ్డు ఒకటి ఆమె అరచేతిలోకి జారింది. పచ్చని బూడిద రంగు. ఇంకో పూటలో బయటికి రావాల్సింది.

ముసలిదట!

డైరెక్టర్ని పిలవడానికి వెళ్ళేముందు చేతులు కడుక్కోవాలని కూడా ఆమెకు తోచలేదు.

* * *

ఆయన గది తలుపు వేసి, బల్లదీపం కిందికి లాగి, గుడ్డును తనే పగలగొట్టాడు. చిన్న గాజుగిన్నెలో సొన చెదరకుండా జారింది. భూతద్దం కంటికి పెట్టుకుని వంగాడు. ఈ పిట్ట మీదే ఆయన జీవితం గడిచింది. పడుచువాడిగా ఉన్నప్పుడు మొల లోతు నీళ్ళలో, జలగల మధ్య తెల్లవార్లూ నిలబడి దాని గొంతు విన్న మనిషి. దూదమ్మ కొత్తగా చేరినప్పుడు ఖాళీ కుండ మూతి దగ్గర పెదాలు పెట్టి ఊది, మగ డోలుపిట్ట ఆడదాన్ని ఎలా పిలుస్తుందో ఆయనే వినిపించాడు.

"చూడు," అన్నాడు భూతద్దం ఆమెకిస్తూ.

పచ్చసొన మీద తెల్లటి చుక్క. చుక్క చుట్టూ ఉంగరం గీసినట్టు ఇంకో గీత.

"మగపిట్ట కలిసిందన్నమాట," అంది దూదమ్మ. "మగది ఉంది సార్. బతికే ఉంది!"

ఒక్క క్షణం ఆయన మొహం కుర్రవాడి మొహంలా వెలిగింది. అది ఆమె కళ్ళారా చూసింది. తర్వాత ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఉండేదన్నమాట. ఇప్పుడుందో లేదో! జతకట్టాక వారాలకు కూడా ఆడపిట్ట అలాంటి గుడ్డు పెట్టగలదు. ఈలోగా ఆ మగది పోయుండొచ్చుగా."

"పోయిందని మనకేం తెలుసు?"

"ఉందనీ తెలీదు." ఆయన గాజుగిన్నె మీద మూత పెట్టాడు. "ఒక్క గుడ్డు పట్టుకుని నా సంతకం నేనే కొట్టేసుకోనా? మగపిట్టను చూపించు. నా కళ్ళతో చూస్తే ఆ రిపోర్టు నా చేతుల్తోనే చింపేస్తాను. అందాకా ఈ మాట గది దాటకూడదు. సరేనా?"

"సరే సార్." న్యాయమైన మాటే అనిపించింది ఆమెకు. గిన్నెను తీసుకెళ్ళి తన గది ఫ్రిజ్‌లో, వెనక అరలో పెట్టుకుంది.

* * *

సాయంత్రం మొగుడు వచ్చేసరికి ఆమె పెరట్లో చేతులు రుద్దుకుంటోంది. అతను కంపెనీలో పంపు మెకానిక్. మోచేతుల దాకా గ్రీజు. ఇద్దరూ ఒకే కుళాయి కింద చేతులు పెట్టారు.

"ఒకళ్ళు డీజిలు, ఒకళ్ళు చచ్చిన పిట్టలు," అంది అరుగు మీద కూర్చున్న అత్తగారు ముక్కు మూసుకుని. "ఈ ఇంట్లో మనిషి వాసన నా ఒక్కదాని దగ్గరే వస్తుంది."

మామూలుగా అయితే దూదమ్మ ఏదో ఒకటి తిరిగి అనేది. ఇవాళ అనలేదు. గది దాటకూడదన్న మాట భోజనాల దగ్గర దాటింది. మొగుడి దగ్గర దాచడం ఆమెకు చేతకాదు. బురద సంగతి, గుడ్డు సంగతి, చుక్క చుట్టూ ఉంగరం సంగతి అన్నీ చెప్పింది. అతను కంచంలో ముద్ద కలుపుతూ విన్నాడు. కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు.

"ఎక్కడో ఒక మగది ఉండాలి," అంది.

"రెండు," అన్నాడతను.

అర్థం కానట్టు చూసింది.

"రెండున్నాయి. మూడో నంబరు పంపు వెనకాల మడుగులో ఒకటి, తూముకి అవతల ఇంకోటి. పొద్దున్నే పంపు మార్చేటప్పుడు కాసేపు మోత ఆగుద్దిగా, అప్పుడు వినబడతాయ్. ఒకదాని తర్వాత ఒకటి."

"ఎప్పట్నుంచి?"

"పంపులు పెట్టిన కాణ్ణుంచీ."

"మరి మావాళ్ళు సర్వేకొచ్చినప్పుడు?"

అతను కంచం వైపే చూస్తున్నాడు. "వచ్చే ముందు రోజు సూపర్‌వైజర్ టపాకాయలిచ్చాడు. గట్టు పొడుగూతా కాల్చమన్నాడు. పందులు పడుతున్నాయన్నాడు. మర్నాడు మీ కుర్రాళ్ళొచ్చి, పరీక్షకని ముందే బిగించిన పంపులు ఆడుతుండగానే చెవులు రిక్కించి, ఏం వినబళ్ళేదని రాసుకుని పోయారు. మీ సారు రాలేదు."

"నువ్వు కాల్చావా?"

"నేనొక్కణ్ణే కాదు."

"నువ్వు కాల్చావా అని అడిగాను."

"నేను కాల్చకపోతే ఇంకొకడు కాలుస్తాడు."

"ఆ ఇంకొకడు కూడా ఇదే మాట అనుకుని అంటించుంటాడు." ఆమె లేచింది. "నేను ఏడాదిగా ఆ పిట్ట కోసం ఏడుస్తుంటే, పక్కన కూచుని ఎలా తిన్నావయ్యా?"

జవాబు కోసం ఆగలేదు. అంట్ల గిన్నెలు పెరట్లోకి విసిరి, కూర్చుని తోమడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు పక్కింటి కుక్క లేచి మొరిగింది. రెక్క తెగేలా తోముతోంది గానీ ఆమెకు గిన్నె కనబడటం లేదు. గట్టు మీద వంగి వత్తి అంటించి, చెవులు మూసుకుని వెనక్కి పరిగెత్తే మొగుడు కనబడుతున్నాడు. ఆ పొగలో రెల్లు నుంచి లేచి, ఎటు పోవాలో తెలియక కొట్టుకునే పిట్ట కనబడుతోంది.

"గిన్నెలు సొట్టలు పోతాయ్ అమ్మాయ్," అంది అత్తగారు అరుగు మీంచే. "కోపం వాడి మీదయితే వాడి నెత్తినే కొట్టు. నేనేం అడ్డం రాను."

* * *

మర్నాడు మ్యూజియం ముందు లారీ ఆగింది. కట్టలు కట్టలుగా ప్లాస్టిక్ రెల్లు దించారు. డోలుపిట్ట హాల్లో గాజు వెనక చిత్తడినేల తయారు చెయ్యడానికట. ఆకులకు మెరుపు, కంకులకు గోధుమరంగు మొఖమలు. నీటి కోసం అద్దంలాంటి పలకలు. అసలు రెల్లు అక్కడ ఎండిపోయి తగలబడుతుంటే ఇక్కడ దుమ్ము పట్టని రెల్లు వచ్చింది. ఒక కట్టను దాటబోతే ఆమె చీర చెంగుకు తగులుకుంది. లాగి తెంపుకుని వెళ్ళింది.

ఆ తిక్కంతా పని మీద చూపించలేదు. పని మీద ఎప్పుడూ చూపించదు. పుర్రె లోపలంతా తోడి శుభ్రం చేసి కంటిగుంటల్లో దూది పెట్టింది. కాళ్ళ ఎముకలకు తీగ చుట్టింది. కొబ్బరిపీచును దారంతో బిగిస్తూ పిట్ట ఒంటి కొలతకు బొమ్మ కట్టింది. కట్టి చూసుకుంటే లావుగా ఉంది, ఆరోగ్యంగా ఉన్న డోలుపిట్ట ఎంతుండాలో అంత. కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి, దారం విప్పేసింది. పీచు తీసేసి, రొమ్ము ఎముక పొడుచుకొచ్చేలా, పక్కల గుంటలు పడేలా మళ్ళీ సన్నగా కట్టింది. చచ్చేనాటికి ఎలా ఉందో అలా. అది చూసి డైరెక్టర్ ఏమంటాడోనన్న ఆలోచన వచ్చింది గానీ చెయ్యి ఆగలేదు.

మధ్యాహ్నం ఆయన దగ్గరికి వెళ్ళి రెండు మగవి ఉన్నాయని చెప్పింది. టపాకాయల సంగతీ చెప్పింది.

"ఎవరు చెప్పారు?"

"మా ఆయన."

"కంపెనీ మెకానిక్కేగా? అతని మాట ఎవరు నమ్ముతారు?"

"ఎవరూ నమ్మక్కర్లేదు. మీరు చూడండి చాలు. మిమ్మల్ని మోసం చేశారు సార్. మీ సంతకం పెట్టించుకోడానికి పిట్టల్ని తరిమేశారు." ఆయన మీద జాలితో అన్న మాటలవి. "మోకాళ్ళ నొప్పులని నాకు తెలుసు. గట్టు దాకా బండి వెళ్తుంది."

ఆయన కిటికీలోంచి కిందకు చూశాడు. కింద హాలు గుమ్మం మీద బంగారు రంగు అక్షరాలు బిగిస్తున్నారు. అవి ఆయన పేరులోని అక్షరాలు. హాలుకు ఆయన పేరు పెడుతున్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. మంచిదే అనుకుంది. ఆయనకు కాక ఇంకెవరికి పెడతారు?

"ఎల్లుండి ప్రారంభం," అన్నాడాయన. కిటికీ రెక్క మూసి, "సరే. రేప్పొద్దున్నే వెళ్దాం," అన్నాడు.

బండి ఎవరు తోలతారన్నది ఆమె అప్పటికింకా ఆలోచించలేదు. మొగుడితో పొద్దున్నుంచి మాటల్లేవు. అతను కట్టిపెట్టిన క్యారేజీ కూడా తీసుకోకుండా వచ్చేసింది. సాయంత్రం పని కట్టేసే వేళకు గుమ్మంలో అలికిడయింది. అతనే. చేతిలో ఆ క్యారేజీ.

"అమ్మ ఇచ్చి రమ్మంది," అన్నాడు.

"పొద్దుకుంకుతుంటే ఇప్పుడా అన్నం?"

"నేను కూడా తిన్లేదు."

ఇన్నేళ్ళలో ఆ గదిలోకి అతను రావడం అదే మొదలు. అరల్లో వరసగా ఉన్న గాజు కళ్ళను, గోడకు వేలాడే ఉడుత తోలును చూసి గుమ్మంలోనే ఉండిపోయాడు. దూదమ్మ అతన్ని లోపలికి రమ్మని అనలేదు. బల్ల మీద ఆరబెట్టిన పిట్ట చర్మాన్ని రెండు చేతులతో ఎత్తి, తనే అతని దగ్గరికి వెళ్ళింది.

"పట్టుకో."

"ఎందుకు?"

"పట్టుకోవయ్యా."

అతను క్యారేజీ కింద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని చాపాడు. ఈకలతో సహా చర్మం ఆ అరచేతుల్లో పడింది. అతను చేతులు కొద్దిగా పైకీ కిందకీ ఆడించాడు, తూకం చూస్తున్నట్టు.

"ఏమీ లేదే," అన్నాడు.

"లోపల కూడా ఏమీ లేదు. బురద తింది. కడుపుతో ఉండి బురద తింది."

"నీళ్ళు లేకా?"

"నీళ్ళు లేక చేపల్లేవు. చేపల్లేక తిండి లేదు."

అతను పంపు మెకానిక్. నీళ్ళు ఎక్కడికి పోయాయో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. చర్మాన్ని ఆమె చేతుల్లో జాగ్రత్తగా పెట్టాడు, నిద్రపోయే పసిపిల్లను ఇచ్చినట్టు. బొటనవేలు గోటిలోని గ్రీజును ఇంకో గోటితో తవ్వుతూ కాసేపు నిలబడ్డాడు.

"పొద్దున్నే వ్యాన్ తెస్తా. మీ సారుని రమ్మను," అని వెళ్ళిపోయాడు.

* * *

తెల్లారుతుండగా వ్యాను గట్టు ఎక్కింది. డైరెక్టర్ ముందు సీట్లో, బైనాక్యులర్స్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దూదమ్మ ఆయన వెనక. ఆమె ఇటు వచ్చి నెలలయింది. కిటికీ అద్దానికి తల ఆనించి చూసింది.

కుడివైపున నీళ్ళు ఉండాల్సిన మేరంతా బీటలు. ఎండిన రెల్లు మొదలంటా పడిపోయి ఉంది. మిగిలిన చిన్న చిన్న గుంటల్లో చేపలు ఒకదాని మీద ఒకటి, పైవాటికి ఊపిరాడక, కిందివాటికి నీరందక. కంపు వ్యానులోకి కొట్టింది. డైరెక్టర్ రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

మూడో నంబరు పంపు దగ్గర ఆగారు. రేకుల షెడ్డు, లోపల ఇంజను మోత. ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాలి. షెడ్డు వెనక గట్టు కింద ఇంకా కొంచెం నీరుంది. దాని చుట్టూ మనిషి ఎత్తు పచ్చటి రెల్లు. పంపు నోరు ఆ నీటిలోనే ఉంది.

మొగుడు ముందు నడిచి, గట్టు అంచున కూర్చుని, వేలు చూపించాడు. డైరెక్టర్ మోకాళ్ళు పట్టుకుని అతని పక్కన దిగాడు. ఏమీ కదల్లేదు. ఆయన ఓపిగ్గా చూశాడు. చూడటంలో ఆయనకు సాటి లేరు. చాలాసేపటికి, మిగతావన్నీ గాలికి ఇటు ఒరిగితే, ఒక రెల్లుదుబ్బు మాత్రం ఒరగలేదు. అడుగు ముందుకు వేసింది. రాయి విసిరితే తగిలేంత దూరంలో నీటి అంచుకు వచ్చి, మెడ చాపి, ముక్కు ఆకాశానికి ఎత్తి నిలబడింది. మెడ మీది చారలు, పచ్చటి కన్ను కూడా కనబడుతున్నాయి.

డైరెక్టర్ బైనాక్యులర్స్ కంటికి పెట్టుకున్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. పెదవులు ఏదో అంటున్నట్టు కదిలాయి.

దూదమ్మకు కళ్ళు చెమర్చాయి. పక్కగా జరిగి, ఫోను తీసి, ఆయనా పిట్టా ఒకే బొమ్మలో వచ్చేలా ఫోటో తీసింది. మీ పిట్టను మళ్ళీ చూసిన రోజు సార్ అని, చట్రం కట్టించి ఆయన చేతికిద్దామనుకుంది.

పిట్ట రెల్లులోకి తిరిగి పోయింది. ఆయన బైనాక్యులర్స్ దించి, అద్దాలకు మూతలు పెట్టాడు. ఒకటి, తర్వాత రెండోది. నెమ్మదిగా లేచి ఆమె దగ్గరకొచ్చాడు.

"ఏం లేదమ్మాయ్," అన్నాడు పంపు మోత మీద గొంతెత్తి.

"సార్?"

"గాలికి రెల్లు కదిలింది. నాకేం కనబళ్ళేదు."

హాస్యమాడుతున్నాడనుకుని ఆమె నవ్వబోయింది. ఆయన మొహం చూసి నవ్వు సగంలో ఆగింది.

"మీరు చూశారు సార్. మీ చేతులు వణికాయి."

"చలికి." ఆయన దూరంగా చూశాడు. "వినమ్మాయ్. ఉన్న రెండూ మగవి. ఆడది నీ బల్ల మీదుంది. ఇంకేం మిగిలిందని? నాలుగేళ్ళో అయిదేళ్ళో అరుచుకుని పోతాయి. వీటి కోసం రేపటి హాలు ఆపమంటావా? హాలుంటే పిల్లలు తరతరాలు చూస్తారు. నేను బతుకంతా దీనికే పోశాను. నేను తప్పు రాశానని ఈ వయసులో ఊరంతా దండోరా వెయ్యనా?"

"ఇంకో ఆడది లేదని మీకేం తెలుసు?"

"ఉందని నీకేం తెలుసు?"

"తెలీనప్పుడు లేదని రాయకూడదని చెప్పింది ఎవరు? మీరు కాదూ?" ఆమె ఆయనకు అడ్డంగా వచ్చి నిలబడింది. "వాళ్ళు మిమ్మల్ని మోసం చేశారనుకున్నా. మీ కోసం నేను మా ఆయన్ని తిట్టుకున్నా, తిండి మానేశా. అతను భయపడి నోరు మూసుకున్నాడు. మీకేం వచ్చింది సార్? మీరు కళ్ళు మూసుకున్నారు!"

"వెళ్దాం పద," అన్నాడాయన, ఆమె అన్నది మోతలో వినబడనట్టు. "నీ పని నువ్వు చూసుకో. అది బాగా చేస్తావు."

మొగుడు అక్కడే, పంపు నోటికి అడ్డం పడిన నాచును పొడుగాటి కొంకితో లాగుతున్నాడు. అతని వీపు వాళ్ళ వైపు ఉంది. కొంకిని గట్టు మీద పెట్టి నిలబడ్డాడు.

"నాకు కనబడింది," అన్నాడు.

డైరెక్టర్ అటు తిరిగాడు. అప్పటికే అతను షెడ్డులోకి నడుస్తున్నాడు.

ఇంజను మోత ఒకసారి దగ్గి, తగ్గి, ఆగిపోయింది. గొట్టంలో ఉన్న నీరు గుడగుడమంటూ వెనక్కి, మడుగులోకి జారింది. తర్వాత నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే దూదమ్మకు తన చెవుల్లో రక్తం హోరు వినబడింది.

అప్పుడు రెల్లు లోపలి నుంచి వినబడింది. గొంతు అనడానికి లేదు, నేలే పిలిచినట్టుంది. లోతుగా, మెల్లగా, మూడుసార్లు. కాసేపటికి తూముకు అవతలి నుంచి రెండోది జవాబిచ్చింది.

డైరెక్టర్ వ్యాను దగ్గరకు నడిచాడు. ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, అద్దం పైకి తిప్పుకున్నాడు.

* * *

సూపర్‌వైజర్ మోటారు సైకిలు మీద దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. మోత ఆగితే వాడికి ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది.

"ఏమయ్యా, చెడిందా?"

"చెళ్ళేదు. ఆపాను," అన్నాడు మొగుడు.

"ఎందుకు?"

"పిట్టలు గుడ్లు పెట్టే కాలం."

"పిట్టల్లేవుగా! సారే రాసిచ్చారు."

"సారు అదిగో, వ్యాన్లో ఉన్నారు. వెళ్ళి అడగండి."

సూపర్‌వైజర్ వ్యాను దాకా వెళ్ళి అద్దం మీద తట్టాడు. అద్దం దిగలేదు. వాడు తిరిగొచ్చి, ముందు బెదిరించాడు. ఉద్యోగం ఊడుతుందన్నాడు, పోలీసులన్నాడు. ఆ తర్వాత బతిమాలాడు. తనే షెడ్డులోకి దూరి మీట నొక్కాడు. ఇంజను ఉత్తినే అరిచింది, నీరు ఎక్కలేదు. పంపు ఆపడం ఎవడైనా ఆపుతాడు. ఒకసారి గాలి పట్టాక మళ్ళీ నీరు నింపి ఎత్తించాలంటే మెకానిక్కే కావాలి. షిఫ్టు మారడానికి వచ్చిన మిగతా పంపువాళ్ళు ఆ పని తెలిసి కూడా గట్టు మీద బీడీలు ముట్టించి కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కడూ ముందుకు రాలేదు.

దూదమ్మ షెడ్డు గుమ్మంలో కూర్చుంది. ఫోను తెరిచింది. ఇందాక ప్రేమతో తీసిన ఫోటో. ఎడమపక్క బైనాక్యులర్స్ కంటికి పెట్టుకున్న డైరెక్టర్. ఆ బైనాక్యులర్స్ ఎటు చూస్తున్నాయో అటు, నీటి అంచున, ముక్కు ఆకాశానికెత్తిన డోలుపిట్ట. గీత గీసి చూపించినట్టుంది.

చాలాసేపు చూసింది. ఆయన కుండ మూతి మీద పెదాలు పెట్టి ఊదిన రోజు గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చి కోపం తగ్గుతుందేమో అనుకుంది. తగ్గలేదు, ఇంకా ముదిరింది.

ఆ చట్టాన్ని అమలు చేసే చిత్తడినేలల కమిషన్ నంబరు ఆమె దగ్గర ఉంది. ఫోటో పంపింది. గుడ్డు ఫ్రిజ్‌లో ఉందని రాసింది. టపాకాయల సంగతి రాసే ముందు తలెత్తి మొగుడి వైపు చూసింది.

"రాయి," అన్నాడతను. "నా పేరు కూడా రాయి."

పొద్దెక్కాక, ఆఫీసులు తెరిచే వేళకు ఫోను మోగింది. అటునుంచి ఆడగొంతు, తొందరగా మాట్లాడుతోంది. ఫోటో ఎప్పుడు తీశారు, ఎక్కడ, ఇప్పుడు పంపు ఆడుతోందా అని అడిగింది. కమిషన్ మనుషులు బయల్దేరుతున్నారనీ, వాళ్ళు వచ్చి చూసేదాకా చుక్క నీరు తోడకూడదని కంపెనీకి ఉత్తర్వు పంపుతున్నామనీ చెప్పింది. ఫోను స్పీకరులో ఉంది. సూపర్‌వైజర్ విని మోటారు సైకిలు ఎక్కాడు.

దూదమ్మకు సంతోషం కలగలేదు. కుడివైపు బీటలన్నీ అలాగే ఉన్నాయి. చేపలు అలాగే ఉన్నాయి. ఆడది బల్ల మీదే ఉంది.

"ఇంకొక్కటి," అంది ఆ గొంతు. "ఫోటోలో ఒకాయన ఉన్నారు కదా. ఆయన పిట్టను చూశారా?"

దూదమ్మ లేచి నిలబడింది. వ్యాను అద్దం వెనక డైరెక్టర్ ఆమెనే చూస్తున్నాడు. ఎప్పుడు దించాడో, అద్దం నాలుగువేళ్ళు కిందికి దిగి ఉంది. ఆ సందులోంచి ఆయన కళ్ళు బతిమాలుతున్నాయి.

"చూశారు," అంది.

"ఆయనెవరో తెలుసా మీకు?"

"తెలుసు. నాకు పని నేర్పినాయన."

"పేరు చెప్పండి, రాసుకుంటాను."

ఆమె చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి, రాసుకునేవాళ్ళు తప్పు రాయడానికి వీల్లేకుండా చెప్పింది.